టూల్‌కిట్‌కి దసరా సెలవు

మీ ఇంట్లో ఏ వస్తువూ ఎప్పటికీ బాగుపడకూడదని ఉందా? అయితే ఈ రోజే ఒక మంచి టూల్‌కిట్ కొనండి!

నవ్వకండి. టూల్‌కిట్ లేని ఇల్లు ఎంత అశాంతిగా ఉంటుందో ఎప్పుడైనా గమనించారా? ఫ్యాన్ కిర్రుమంటే చాలు, ఎవర్నో పిలుస్తారు. ఆయనొస్తాడు. ఐదు నిమిషాల్లో బాగుచేసి పోతాడు. ఇక ఆ ఇంట్లో మగవాడికి ఆలోచించడానికి ఏం మిగిలింది? అదే టూల్‌కిట్ ఉన్న ఇంట్లోనైతే కిర్రు కిర్రుగానే ఉంటుంది, దాంతోపాటు "మనమే చేసుకుంటాం" అన్న ధీమా ఉంటుంది. మనిషికి కావలసింది ధీమా కదండీ!

ఈ సత్యాన్ని చిక్కడపల్లిలో అందరికంటే ముందు కనిపెట్టినవారు శ్రీపతి గారు. ప్రభుత్వ ఆఫీసులో ముప్పై మూడేళ్లు పనిచేసి మొన్నమొన్ననే రిటైరయ్యారు. అన్ని కాగితాలూ జతపడందే ఫైలు కదలకూడదన్నది ఆయన నియమం. ఆఫీసు వదిలారు గానీ నియమాన్ని మాత్రం జాగ్రత్తగా ఇంటికి తెచ్చుకున్నారు.

ఆషాఢంలో వాళ్ల వంటింటి కుళాయి కారడం మొదలుపెట్టింది.

"ఏమండీ, వాషర్ అరిగినట్టుంది. బుగ్గయ్యకి ఒక ఫోన్ కొట్టండి" అన్నారు ఆయన భార్య అన్నపూర్ణ గారు. బుగ్గయ్య పాలమూరు నుంచి వచ్చి అశోక్‌నగర్ బస్తీలో ఉంటున్న ప్లంబరు. ఈ చుట్టుపక్కల ఆయన చెయ్యి పడని కుళాయి లేదు.

"వాషర్‌కి కూడా మనిషిని పిలుస్తారా? నా చేతులేమైనా పడిపోయాయా?" అన్నారు శ్రీపతి గారు. అని, చొక్కా తొడుక్కుని నారాయణగూడలో హార్డ్‌వేర్ షాపుకి బయల్దేరారు.

ఆ రోజు స్క్రూడ్రైవర్లు వచ్చాయి. "స్పానర్లు లేకుంట ఏం జేస్తరు సార్?" అని షాపాయన అడిగాడు కాబట్టి మర్నాడు స్పానర్లొచ్చాయి. వాటి వెనకే కటింగ్ ప్లయర్, పైప్ రెంచి, సుత్తి, టేపు, టెస్టరు. శ్రావణంలో హిమాయత్‌నగర్ వెళ్లి డ్రిల్ మెషిన్ తెచ్చారు. కుళాయికీ డ్రిల్ మెషిన్‌కీ ఏం సంబంధమండీ అని అన్నపూర్ణ గారు అడిగారు. ఫైళ్లంటే తెలియని వాళ్లతో ఏం వాదిస్తాం చెప్పండి!

భాద్రపదానికల్లా మూడు అరల ఎర్రపెట్టె హాల్లో టీవీ పక్కన కొలువుదీరింది. ప్రతి అరకీ లేబుల్. వచ్చినవాళ్లకి కాఫీ కంటే ముందు పెట్టె చూపించేవారు. కింది ఫ్లాటువాళ్లు ఒక్కసారి టెస్టర్ ఇవ్వండంటే మాత్రం "అమ్మో, సెట్ విడిపోతుందండీ" అనేవారు. కుళాయి కింద గిన్నె నిండుతోందని అన్నపూర్ణ గారు బకెట్ పెట్టారు. ఆ నీళ్లతో ఆవిడ మొక్కలు ఏపుగా ఎదిగాయి. చూశారా, టూల్‌కిట్ వల్ల పర్యావరణానికి కూడా ఎంత లాభమో!

ఇంతకీ ఆ పెట్టెలో లేనిది ఒక్కటే. వాషర్.

"అది టూల్ కాదు అన్నపూర్ణా, మెటీరియల్. ఆ ఖర్చు రాసే హెడ్డు వేరు" అని శ్రీపతి గారు ఓపిగ్గా వివరించారు.

దసరా వచ్చింది. విద్యానగర్ నుంచి అన్నపూర్ణ గారి అన్నయ్య, వదిన, వాళ్ల పిల్లలు, మనవలు, మొత్తం తొమ్మిదిమంది మర్నాడు భోజనానికి వస్తున్నారు. "వాళ్లొచ్చేసరికైనా ఆ కుళాయి సంగతి చూడండి. వదిన ముందు బకెట్ పెట్టుకుని నేను వంట చెయ్యలేను" అన్నారావిడ.

శ్రీపతి గారి బుర్రలో మాత్రం వేరే సమస్య నలుగుతోంది. రేపు ఆయుధపూజ. ఒక్కసారి కూడా వాడని ఆయుధానికి పూజ చెల్లుతుందా? చెల్లదు! వెంటనే పైప్ రెంచి తీసి కుళాయి పిడికి బిగించి, ఊపిరి బిగబట్టి, బలంకొద్దీ ఒక్క తిప్పు తిప్పారు. కారడం ఠక్కున ఆగిపోయింది.

"చూశావా!" అన్నారు. అన్నపూర్ణ గారు నిజంగానే సంతోషించారు పాపం.

పొద్దున్నే పసుపు గుడ్డ పరిచి పనిముట్లన్నీ వరసగా పేర్చి, కుంకుమ బొట్లు పెట్టి, డ్రిల్ మెషిన్‌కి బంతిపూల దండ వేసి హారతిచ్చారు. తొమ్మిది గంటలకి వంటింట్లోంచి కేక వినిపించింది. రాత్రి తిప్పిన తిప్పుకి అరిగిన వాషర్ కాస్తా తునకలైపోయింది. పిడి ఎటు తిప్పినా తిరుగుతోంది, నీళ్లు మాత్రం ఆగడం లేదు. సింకు కింద వాల్వు చూస్తే తుప్పుపట్టి బిగుసుకుపోయింది.

శ్రీపతి గారు హాల్లోకి పరిగెత్తి రెంచి మీదికి వంగారు. దాని నుదుట ఎర్రటి బొట్టు. చెయ్యి వెనక్కి వచ్చేసింది. పూజలో పెట్టిన పనిముట్టుని మర్నాటి దాకా ముట్టకూడదు, వాళ్ల తాతగారి నాటి నుంచీ ఆ ఇంట్లో అదే పద్ధతి. మెట్ల మీంచి "ఎవరండీ ట్యాంకు ఖాళీ చేస్తున్నది? పండగపూట తలస్నానాలు చెయ్యొద్దా?" అని అరుపులు. శ్రీపతి గారు చప్పుడు కాకుండా వీధి తలుపు వేసి, వంటింటి గుమ్మంలో నిలబడి బుగ్గయ్యకి ఫోన్ చేశారు.

"నమస్తె సార్! పండగ మంచిగ జేస్తున్రా?"

"బుగ్గయ్యా, కుళాయి పోయింది. వెంటనే రా!"

"అయ్యో, ఎట్ల వస్త సార్? పానలు, రెంచీలు అన్ని పూజల పెట్టిన. ముడితే మా ఇంటామె ఊకుంటదా? రేపు పొద్దుగాల్నే వస్త."

"వట్టి చేతుల్తో రావయ్యా! నా దగ్గర పెద్ద సెట్టే ఉంది."

"మరింకేంది సార్, జర గా రెంచి తీసి..." బుగ్గయ్య ఆగాడు. "మీయి గూడ పూజల పెట్టిన్రా?"

"దండ కూడా వేశానయ్యా" అన్నారు శ్రీపతి గారు.

"మంచిగ జేసిన్రు సార్. అవిటికి గూడ ఏడాదికి ఒక్క దినమన్న ఆరామ్ గావాలె గద!" అన్నాడు బుగ్గయ్య, మనస్ఫూర్తిగా.

"కాస్త జరగండి" అన్నారు అన్నపూర్ణ గారు, కొంగు బొడ్లో దోపుకుంటూ.

పచ్చడి బండతో వాల్వుని నాలుగు దెబ్బలు వేశారు. తడిగుడ్డ చుట్టి పట్టకారుతో తిప్పారు. నీళ్లాగాయి! అట్లకాడ కొనతో పిడి స్క్రూ ఊడదీశారు. మళ్లీ పట్టకారుతోనే కుళాయి తల విప్పారు. తెగిన హవాయి చెప్పు తెచ్చి, కత్తిపీట మీద రూపాయి బిళ్లంత గుండ్రంగా కోసి, అంచులు చెక్కి, లోపల కూర్చి బిగించారు. వాల్వు తెరిచారు. ఒక్క చుక్క కారలేదు. మొత్తం పావుగంట పట్టలేదు.

"ఇదంతా ఎప్పుడు నేర్చుకున్నావ్?" అన్నారు శ్రీపతి గారు నోరెళ్లబెట్టి.

"కుక్కర్ పిడి, స్టవ్ నాబ్, బాత్రూం గడియ ఎవరు బిగిస్తున్నారనుకున్నారు ఇన్నాళ్లూ? ఈ కుళాయి మీరే చేస్తానన్నారని మూడు నెలలు ఆగాను, అంతే."

ముప్పై ఏళ్లుగా తన ఇంట్లో ఏదీ చెడిపోలేదనే అనుకుంటున్నారాయన. సిగ్గేసింది. నిజంగానే వేసింది. గబగబా హాల్లోకి వెళ్లి కుంకుమ భరిణె పట్టుకొచ్చారు.

"అసలైన ఆయుధాలు ఇవే కదా! పొద్దున వీటిని పూజలో పెట్టలేదేం నువ్వు?" అంటూ పట్టకారుకి బొట్టు పెట్టబోయారు.

అన్నపూర్ణ గారు పట్టకారు లాక్కుని కడిగి, పొయ్యి మీద మరుగుతున్న పప్పుగిన్నె దించారు.

"పెడితే రేపటిదాకా ముట్టకూడదు కదండీ. తొమ్మిదిమందికి వంటెవరు చేస్తారు?"

చూశారుగా! అందుకే ప్రతి ఇంట్లోనూ ఒక టూల్‌కిట్ ఉండి తీరాలి. ఏడాదికోసారైనా ఆ ఇంట్లో ఎవరో ఒకరు సెలవు తీసుకోవాలి కదా!