బీరువా పక్క మనిషి

ఆ ఉదయం బావ వేసుకున్న పథకం చాలా చిన్నది. కొట్లో ఉన్న పాత బీరువాలు, మంచాలు, బల్లల ఫోటోలను శుభ్రంగా కత్తిరించి, మధ్యాహ్నంలోగా కొత్త హాస్టల్ పెడుతున్న ఒకావిడకు పంపించాలి. నచ్చితే ఆవిడ సరుకంతా ఒకేసారి కొనేస్తుంది. ఇందులో ఎవరికీ ఏ ప్రమాదమూ లేదు. కాని ఆ కొట్లో బావమరిది కూడా ఉన్నాడు.

బావమరిదికి ఇంట్లో పెట్టిన పేరు ఏదో ఉంది గాని, వీధి వీధంతా అతణ్ణి డౌటు అనే పిలుస్తుంది. పక్కింటివాళ్లు పలకరిస్తే వీళ్లకి నాతో ఏం పని పడిందా అనుకుంటాడు. పలకరించకపోతే నా మీద ఏం చెప్పుకుంటున్నారా అనుకుంటాడు. అక్క పెళ్లయిన నాటి నుంచీ బావ కొట్లోనే పనిచేస్తున్నాడు. కొట్లో సగం వాటా ఇస్తానని బావ ఎప్పుడో అన్న మాట పట్టుకుని వేలాడుతున్నాడు. ఆ వాటా ఇవ్వాల్సి వస్తుందని బావ తనను ఏదో ఒకరోజు సాగనంపేస్తాడన్నది అతని భయం.

సామాన్ల ఫోటోలు తీయడంలో బావకు ఒక పద్ధతి ఉంది. ఎడమవైపు సామాను, కుడివైపు డౌటు. పక్కన మనిషి నిలబడితే బీరువా ఎంత ఎత్తో కొనేవాడికి తెలుస్తుందని బావ నమ్మకం.

టీ గ్లాసులతో లోపలికి వచ్చిన డౌటుకి బావ భుజం మీదుగా కంప్యూటర్ తెర కనిపించింది. బ్రౌజర్లో ఏదో వెబ్‌సైటు, అందులో తన ఫోటో, దాని మీద ఒక చట్రం. బావ మౌసుతో చట్రం కుడి అంచు పట్టుకుని మెల్లగా లోపలికి లాగాడు. మొదట డౌటు చెయ్యి పోయింది, తర్వాత భుజం పోయింది, చివరికి డౌటే పోయాడు. బీరువా మిగిలింది.

"హమ్మయ్య, ఇప్పుడు కళ వచ్చింది," అన్నాడు బావ తనలో తాను.

రెండో ఫోటోలోనూ అంతే. మంచం ఉంది, డౌటు లేడు. ఇంతలో బావ ఫోను మోగింది.

"చెప్పండి మేడమ్. అవునండీ, అతన్ని తీసేస్తున్నాను. మధ్యాహ్నానికల్లా ఎక్కడా కనబడడు. ఒక్కొక్కచోటా తీయక్కర్లేదటండీ, అన్నిచోట్లా ఒకేసారి తీసేసే బటనుంది."

పొమ్మనలేక పొగబెట్టడం అంటారు. బావ పొగ కూడా దండగని మౌసుతోనే కానిచ్చేస్తున్నాడు. డౌటు గ్లాసులు బల్ల మీద పెట్టేసి వీధిలోకి వెళ్లి అక్కకు ఫోను చేశాడు.

"అక్కా, బావ నా గురించి ఏమైనా అన్నాడా?"

"ఏమీ అనలేదురా. ఎందుకు?"

"అస్సలు ఏమీ అనలేదా?"

"లేదురా బాబూ!"

"చూశావా! నీక్కూడా చెప్పకుండా చేస్తున్నాడంటే లోపల పెద్ద కథే ఉంది. నన్ను తీసేస్తున్నాడక్కా. నా చెవులారా విన్నాను."

అక్క నమ్మింది. తమ్ముడి రక్తమే కదా ఆవిడదీ!

డౌటు తిరిగి వచ్చేసరికి బావ కుర్చీలోంచి లేస్తున్నాడు. "మేస్త్రీ పాలిష్ రంగు చూడమంటున్నాడు. పెరట్లోకి వెళ్లొస్తా. ఆ కంప్యూటర్ జోలికి మాత్రం పోకు, ఫోటోలన్నీ పెట్టి ఉంచాను."

పోకు అన్నాక పోకుండా ఉండటానికి డౌటు ఏమీ రుషి కాదు. వెళ్లి కూర్చున్నాడు. కొట్లోని ఫోటోలన్నీ ఆ పేజీలో వరసగా ఉన్నాయి. మొదటి ఫోటోలో బీరువా చుట్టూ చట్రం, దాని బయట మసక చీకట్లో తాను. చట్రంలో ఉన్నది బతుకుతుంది, బయట ఉన్నది పోతుందని అతనికి ఇట్టే అర్థమైంది. చట్రాన్ని కాస్త వెడల్పు చేస్తే తానూ బతుకుతాడు, బీరువాకూ నష్టం లేదు. నిజానికి అతని ఉద్దేశం మంచిదే. కాని అంచు పట్టుకుని లాగాల్సింది పోయి నడిమధ్య పట్టుకుని లాగాడు. చట్రం వెడల్పు కాలేదు, బీరువాను వదిలేసి మొత్తంగా జరిగి వచ్చి డౌటు మీద నిలబడింది. తన నెత్తి నుంచి పాదాల దాకా అందులో కనబడేసరికి డౌటు కళ్లు చెమర్చాయి. బీరువా ఏమైందో చూసుకోవాలన్న ఆలోచనే రాలేదు. 'అన్ని ఫోటోలకూ' అన్న బటను నొక్కాడు. ఫోటోలన్నీ ఒకే మూటగా కంప్యూటర్లోకి దిగాయి.

బావ పెరట్లోంచి వస్తూ ఫోను చెవికి దూరంగా పట్టుకున్నాడు. అయినా అక్క గొంతు కొట్టంతా వినిపిస్తోంది.

"నా తమ్ముణ్ణి గెంటేస్తావా? వాణ్ణి గెంటిన రోజు నువ్వూ ఇంటికి రానక్కర్లేదు!"

"ఎవర్ని గెంటానే? ఎప్పుడు?"

"నాకంతా తెలుసు!"

తెలిసిన ఆ అంతా ఏమిటో బావకు తప్ప అందరికీ తెలిసినట్టుంది. ఫోటోల మూట దిగి ఉండటం చూసి, వెళ్లేముందు తానే నొక్కేసి ఉంటానులే అనుకున్నాడు. తెరిచి చూసే ఓపిక లేదు. సామాన్ల వివరాలు జోడించి హాస్టల్ ఆవిడకు పంపేశాడు.

కాసేపటికి ఆవిడ ఫోను వచ్చింది. బావ స్పీకర్లో పెట్టాడు.

"ఒకటో నంబరు చూశానండీ. వెనక భాగం చెదపట్టింది, పైకి తెలియదు అని రాశారు. పాపం, ఎవరికైనా చూపించారా?"

"ఎందుకండీ? తుడిచి రంగేస్తే సరిపోతుంది," అన్నాడు బావ.

"రెండో నంబరుకి కదిపితే కిర్రుమంటుంది, నలుగురు పడుకోవచ్చు అన్నారు. అదే మనిషి కదండీ?"

బావ ఫోటోల మూట విప్పాడు. డౌటు. డౌటు. డౌటు. ప్రతి ఫోటోలోనూ డౌటు నిలువునా నిలబడి, కళ్లు చికిలించి, ఫోటో చూస్తున్నవాణ్ణే అనుమానంగా చూస్తున్నాడు. ఒక్క బీరువా లేదు, ఒక్క మంచం లేదు.

"అందుకే అతన్ని తీసేయమన్నానండీ పొద్దున," అంది ఆవిడ. "మీరు ముందు పంపిన ఒక్క ఫోటోలో ఆ చూపు చూస్తే ఇది దొంగసొత్తేమో, నేనే దొంగనేమో అనిపించింది. కాని అన్నీ వరసగా చూశాక ఆలోచించాను. మా గేటు దగ్గర కాపలాకు సరిగ్గా ఈ చూపే కావాలి. మీ ఫర్నిచర్ తర్వాత చూద్దాం, ముందు ఈయన్ని పంపిస్తారా? జీతం బాగానే ఇస్తాను. ఆలోచించుకుని చెప్పండి."

ఫోను పెట్టేశాక బావ కుర్చీ తిప్పి డౌటు వైపు చూశాడు. ఆ చూపు డౌటుకి బాగా పరిచయమైనదే. ఇన్నాళ్లూ అది తన దగ్గర మాత్రమే ఉండేది.

"అయితే ఇదన్నమాట సంగతి," అన్నాడు బావ. "సామాన్లు కోసేసి నీ ఫోటోలు పంపించుకున్నావు. ఎన్నాళ్ల నుంచి వెతుకుతున్నావురా ఉద్యోగం?"

"నేనా! నువ్వే కదా బావా నన్ను తీసేస్తున్నది?"

"ఫోటోలోంచిరా! కొట్లోంచి నిన్ను తీసేసి నేను బతకగలనా? మంచం ఒక కొస నేను పడితే రెండో కొస ఎవడు పడతాడు? చెప్పాపెట్టకుండా పోదామనుకున్నావా? పోవద్దురా. ఇదుగో, మీ అక్క మీద ఒట్టు, రేపటి నుంచి కొట్లో సగం నీది."

డౌటుకి ఏడుపొచ్చింది. బావకూ వచ్చింది. ఇద్దరూ పాత సోఫాలో కూలబడి ముక్కులు తుడుచుకున్నారు. కాసేపటికి బావ లేచి, ఈ శుభవార్త అక్కకు చెప్పి శాంతింపజేయడానికి ఇంటికి పరిగెత్తాడు.

డౌటు ఒక్కడే మిగిలాడు. తనకు సగం వాటా వచ్చిన బీరువాలను, మంచాలను సంతోషంగా ఒకసారి చూసుకున్నాడు. తర్వాత కొంచెం తక్కువ సంతోషంగా ఇంకోసారి చూసుకున్నాడు. ఇన్నేళ్లూ ఇవ్వని సగం, అడక్కుండానే, అదీ ఇంత తొందరగా ఎందుకిచ్చినట్టు? అతను లేచి, బావ బల్ల మీద మరిచిపోయిన ఫోను తీసి, హాస్టల్ ఆవిడ నంబరు అరచేతి మీద రాసుకున్నాడు.