సుందర్ రావు తెల్ల డబ్బా

ఆరోజు పదింటి పెళ్లికి తొమ్మిదింటికే పోయి ముందు బెంచీలో దర్జాగా కూర్చోవాలనుకున్నాడు సుందర్ రావు. ఎందుకు కూర్చోడు? పగిలిన చర్చి గంటకు బదులు, మైకులో మోగే కరెంటు గంటపెట్టె కట్టింది కాజీపేటలో రేడియోలు బాగుచేసే ఈ సుందర్ రావే. స్వరాలు గుర్తుపెట్టుకునే చిప్పును విడిగా సబ్బు డబ్బాలో బిగించాడు. డబ్బా మారిస్తే మోత మారుతుంది. ఎర్ర డబ్బా ఒకటి, తెల్లది ఒకటి; ఒకటి పెళ్లికి, ఒకటి చావుకు. తలకిందులుగా దూరకుండా గాడి కూడా కోశాడు.

"ఎవలైనా మార్చొచ్చు పెద్దయ్యా. తప్పు పెట్టుడు ఎవలతోని కాదు" అని సంఘపెద్ద జ్ఞానప్రకాశం ముందు రొమ్ము విరుచుకున్నాడు.

"నా బిడ్డ లిదియా పెండ్లిల చావుగంట మోగిందనుకో, నీ పెట్టె వడ్డేపల్లి చెర్వుల, నీ సామాను రోడ్డు మీద" అన్నాడాయన. సుందర్ రావు దుకాణం నడిపే మడిగ ఆయనదే మరి!

పెళ్లిరోజు పొద్దున చాయ్ తాగుతూ, చిప్పులు బిగించిన దోస్తు రాజమల్లును అడిగాడు. "పెండ్లిది పెండ్లి రంగు డబ్బలనే పెట్టినవు గద?"

"పెట్టకపోతనా అన్నా! ఎర్రదాంట్ల."

సుందర్ రావు చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. "ఎర్రదేందిర? పెండ్లిపిల్ల తెల్లచీర గట్టదా?"

"పెండ్లికి తెల్లచీరనా? మా ఇండ్లల్ల మొగడు సచ్చినామె గడుతది!"

చర్చి ఊడ్చే కృపమ్మకు నిన్ననే "తెల్లది పెట్టక్కా, మరువకు" అని పదిసార్లు చెప్పి వచ్చాడు. ఉన్నది ఒక్కటే సైకిలు. "ఉరుకుర! ఎర్రది పెట్టు!" అని రాజమల్లును తోలి, తాను చెమటలు కక్కుకుంటూ వెనకాలే నడిచాడు. దారి పొడుగునా తన రేడియోలు రోడ్డు మీద ఎండుతున్నట్టే కనిపించాయి పాపం.

చర్చిలో రాజమల్లు ఎదురొచ్చి, "మార్చిన అన్నా, ఫికర్ చెయ్యకు" అన్నాడు. హమ్మయ్య అనుకుని బెంచీ మీద కూలబడ్డాడు.

పొద్దుటి రైలుకే దిగిన నెక్కొండ మగపెళ్లివారితో కుడివైపు కిక్కిరిసింది. ఎడమవైపు ఆడపెళ్లివారు నలుగురే. కాజీపేటవాళ్లకు పదంటే పదకొండున్నర. "మీకు సుట్టాలు లేరా బావగారూ?" అని వియ్యంకుడు నవ్వుతుంటే జ్ఞానప్రకాశం ముఖం మాడిపోయింది.

అప్పుడే కృపమ్మ సుందర్ రావు చెవిలో మెల్లగా చెప్పింది. "తమ్మీ, ఎవలో ఎర్రది పెట్టిండ్రు. నేను జూసి తీసేసి, నువ్వు చెప్పినట్లే తెల్లది పెట్టిన."

పై ప్రాణాలు పైనే పోయాయి. లేచేలోపే జ్ఞానప్రకాశం బటన్ నొక్కేశాడు.

టంగ్... చాలాసేపటికి మళ్లీ టంగ్...

సుందర్ రావు కళ్లు మూసుకుని ప్రభువును తలచుకున్నాడు. తెరిచేసరికి వాకిట్లో జనం! సగం గడ్డం గీసుకుని నురగతో ఒకడు, చేతిలో గరిటెతో ఒకామె. "ఓ జ్ఞానప్రకాశమా, పోయినవా బిడ్డా!" అని రొమ్ము బాదుకుంటూ వచ్చిన ముసలి కట్టమ్మ, ఆయన్నే ఎదురుగా చూసి నోరు తెరిచింది. పది నిమిషాల్లో ఎడమవైపు బెంచీలు నిండి, జనం గేటుదాకా నిలబడ్డారు. వియ్యంకుడి నవ్వు ఎటు పోయిందో పోయింది.

పెళ్లయ్యాక జ్ఞానప్రకాశం వేలితో పిలిచాడు. సుందర్ రావు పోయి తానే ముందు అందుకున్నాడు.

"పెద్దయ్యా, మడిగ రేపే ఖాళీ జేస్త..."

"మడిగ ముచ్చట ఇడిసిపెట్టు. ఆదివారం ఆరాధనకు గూడ గా తెల్లదే పెట్టు."

ఎర్ర డబ్బాలో ఇప్పుడు కృపమ్మ సబ్బు పెట్టుకుంటోంది.