మూసిన మిల్లులో ఆల్ హ్యాండ్స్

ఆ పొద్దున శశిధర్ పెట్టుకున్న పని ఒక్కటే, దుబాయ్ బేరగాడికి ఇంగ్లీషులో మెయిల్ రాయడం. మిర్యాలగూడలో రైస్ మిల్లు పెట్టింది మొదలు విదేశీ ఆర్డరు కోసం కాళ్లరిగేలా తిరిగాడు పాపం. ఇన్నాళ్లకు ఒకాయన దారికొచ్చి, పని ఎలా సాగుతోందని అడిగాడు. 'ఇట్ ఈజ్ ఆల్ హ్యాండ్స్ ఆన్ డెక్ హియర్' అని టైపు చేసి, సూర్యాపేట కాలేజీలో ఇంగ్లీషు చెప్పే కూతురు దేవికకు ఫోన్ చేశాడు.

"ఓడల మాట గదమ్మా, బియ్యం మిల్లుకు నడుస్తదా?"

"మంచిగ నడుస్తది డాడీ. ఒక్కరు మిగలకుంట అందరు పనిల దిగిన్రని అర్థం. కరెక్టుగ రాసినవ్. కని మిల్లు బంద్ ఉంది గద?"

"నేను ఇంగ్లీషు అడిగిన, మిల్లు సంగతి కాదు."

బాయిలర్‌ను రిపేరుకు విప్పేశారు. హమాలీలు ఊళ్లకు పోయారు. గోదాము ఊడ్చిపెట్టినట్టుంది. అయినా మెయిల్ వెళ్లింది. టీ చల్లారకముందే జవాబొచ్చింది: చాలా సంతోషం, మధ్యాహ్నం వీడియో కాల్‌లో మీ వాళ్లందరినీ చూస్తాను.

శశిధర్‌కు చెమటలు పట్టాయి. భార్య లీలావతి మాత్రం కంగారు పడలేదు.

"మనుషులే గద కావాల్సింది? పరేషాన్ గాకున్రి" అని కోదాడలో ఉన్న అన్న గోపాల్‌కు ఫోన్ కలిపింది. "అన్నా, అందర్ని తీస్కరా!"

అందరినీ తెమ్మంటే గోపాల్ ఏమనుకుంటాడు? రెండు వ్యాన్ల నిండా పట్టుచీరల చుట్టాలతో దిగాడు.

"వచ్చేశాం బావా! ఇంతకీ ఫంక్షన్ ఏంటి?"

చుట్టాల నెత్తిన బస్తాలు పెట్టలేం కదా! ముందు అన్నం పెట్టాలి. లీలావతి షామియానా వేయించి, వంట ఈదయ్యను పిలిపించింది. సరిగ్గా విస్తళ్లలో అన్నం పడేవేళకు కాల్ వచ్చింది. శశిధర్ ఫోన్ ఎత్తగానే వెనక విస్తళ్ల వరుస కనబడింది. గోపాలే ఫోన్‌లోకి తల దూర్చాడు.

"లంచ్ టైమ్ సార్!"

బేరగాడు విస్తళ్లను దగ్గరగా చూపించమన్నాడు. పనివాళ్లకు ఇంత ప్రేమగా పెట్టే మిల్లును తాను ఎక్కడా చూడలేదన్నాడు. వాళ్లు తింటున్న ఆ బియ్యమే పంపమని అక్కడికక్కడే ఆర్డరిచ్చాడు. శశిధర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. బావమరిదిని గట్టిగా వాటేసుకున్నాడు.

"ఈదయ్యా, గవి ఏ బియ్యం?"

"మన గోదాం ఖాళీ ఉండె గద సేటూ. ఎదురుంగ జనార్దన్ సేటు మిల్లుకెల్లి తెచ్చిన."

"ఆయినె మంచోడే, పొయ్యి అడుగున్రి" అంది లీలావతి, భర్త భుజం తడుతూ.

అప్పటికే గోపాల్ సంతోషం పట్టలేక ఆ ఆర్డరు కబురు, బేరగాడి నంబరుతో సహా, ఎదురు మిల్లులో చెప్పి వచ్చాడు. శశిధర్ రోడ్డు దాటేసరికి జనార్దన్ పంపిన బియ్యం ధర నేరుగా దుబాయ్ చేరింది.