ఆపినా ఆగని మోటారు

ఆ శుక్రవారం ఉదయం అల్లుడు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పళ్ల డాక్టరు క్లినిక్‌లో తమ వంతు కోసం కూర్చునేవాళ్లకి భయం పోగొట్టే సంగీతం ఒకటి పదకొండింటిలోగా పంపాలి. డాక్టరుకి నచ్చితే, అత్తవారింట్లో అతను స్టూడియో అని పిలుచుకునే వెనక గది అతనికే ఉంటుంది. నచ్చకపోతే సోమవారం నుంచి బావమరిది టైల్స్ షాపులో నిలబడాలి. ఇది అత్తగారి తీర్పు. దాని మీద అప్పీలు లేదు.

పాట నిన్ననే పూర్తయింది. మిగిలింది ఒక్క ముస్తాబు. అడుగున సాగే మంద్రమైన స్వరం నిలకడగా మోగితే ఎవరి భయమూ తగ్గదు, అలలా లేచి పడాలి. ఆ అలని కంప్యూటర్‌లో పాట వేగానికి ముడిపెడితే తాళం తప్పకుండా దానంతట అదే నడుస్తుంది. తాళం సెకనుకి ఒక దెబ్బ. దెబ్బకో అలా, రెండా, నాలుగు దెబ్బలకి కలిపి ఒకటా అన్నదే తేలాలి. భార్య ఆఫీసుకి వెళ్లగానే తలుపుకి బొంత వేలాడదీసి, ఆ ఒక్క స్వరాన్నే పెట్టుకుని కూర్చున్నాడు.

బొంత బయటి మాటల్ని లోపలికి రానివ్వలేదు. లోపలి మోత మాత్రం గోడ పట్టుకుని వంటగదిలోకి వెళ్లింది.

అల్లుడి పాటలు అత్తగారికి తెలుసు. వాటిలో ఎంతో కొంత రాగం ఉంటుంది. ఇది ఊఁ అని లేస్తోంది, ఊఁ అని పడుతోంది, అంతే. నీళ్ల మోటారే అనుకుని ఆవిడ స్విచ్ ఆపింది. మోత ఆగలేదు. ఆపిన మోటారు మోగుతోందని గుండె జారిపోయి ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేసింది.

అతను వచ్చి మోటారు విప్పాడు. సరిగ్గా అప్పుడే లోపల అల్లుడు అలల్ని రెట్టింపు చేశాడు.

"అయ్యో, ఎక్కువైందేంటి!" అంది అత్తగారు.

"కెలికితే అంతేనమ్మా. జబ్బు బయటపడుతోంది."

తర్వాత ఫ్రిజ్ ప్లగ్గు పీకాడు. అల్లుడు మంచినీళ్లు తాగడానికి పాట ఆపాడు.

"చూశారా, ఫ్రిజ్జే!" అన్నాడు ఎలక్ట్రీషియన్.

నీళ్లు తాగడం అయింది. మోత మళ్లీ మొదలైంది.

"చూశాను," అంది అత్తగారు.

అతను వాచీ చూసుకున్నాడు. "సెకనుకి సరిగ్గా రెండు. పాడైన వస్తువు ఇంత క్రమశిక్షణగా మోగదమ్మా."

"మా ఇంట్లో బాగున్నవే అంత క్రమశిక్షణగా ఉండవు. ముందు ఇల్లు కాలిపోకుండా చూడు బాబూ!"

మిక్సీ అయింది, గీజరు అయింది, కాలింగ్ బెల్లు కూడా అయింది. పదిన్నరకి ఓపిక నశించి అతను మెయిన్ ఆపేశాడు. మోత ఆగిపోయింది.

"దొరికింది!" అన్నాడు.

అల్లుడు బొంతతో సహా బయటికొచ్చాడు. "కరెంటు ఎవరు తీశారు?"

"నేనే సార్. పొద్దుట్నుంచీ ప్రాణం తోడేస్తున్న మోత పోయింది."

"మోతేంటయ్యా, అది నా పాట!"

పొద్దుటి నుంచి చేసిందేదీ సేవ్ చేయలేదు. ముప్పై రకాలు మార్చి మార్చి విన్నాడు, వాటిలో ఏది బాగుందో ఇప్పుడు చచ్చినా గుర్తురావడం లేదు. నేల మీదే కూలబడ్డాడు.

"అయిపోయింది అత్తయ్యా. సోమవారం షాపుకే."

అత్తగారి మనసు చివుక్కుమంది. "నీ నోటి దగ్గర కూడు నేనే లాగేశాను కదా నాయనా!"

ఎలక్ట్రీషియన్ గొంతు సవరించుకుని జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. ఏ ఇంటికి వెళ్లినా జబ్బు లక్షణాల్ని టైముతో సహా రాసుకోవడం అతని పద్ధతి. "తొమ్మిదీ పది, సెకనుకి ఒకటి, అమ్మగారికి తలనొప్పి. తొమ్మిదిన్నర, సెకనుకి రెండు, నాక్కూడా. పదింపావు, నాలుగు సెకన్లకి ఒకటి, అమ్మగారు కుర్చీలో నిద్ర."

"నేనా?" అంది అత్తగారు.

"గురక కూడా రాశానండి."

అల్లుడు ఒక్క ఉదుటున లేచాడు. కరెంటు వేయించి, నాలుగు దెబ్బలకి ఒక అల పెట్టి, పదకొండుకి రెండు నిమిషాల ముందు పంపాడు. పావుగంటలో డాక్టరు ఫోన్ చేశాడు. నచ్చిందట, ఇంకో రెండు గదులకీ కావాలట.

అత్తగారు వెంటనే కొడుక్కి ఫోన్ కలిపింది. "సోమవారం బావ రాడురా. ఆయనకి ఇక్కడే బోలెడు పనుంది."

"పాట అంత బాగుందా అమ్మా?"

"ఏమోరా, నేను వింటేగా! హాయిగా నిద్రపట్టేసింది."

అత్తగారి నోట అల్లుడు విన్న మొదటి మెప్పు అదే.