సీసా మీద లాయరుగారు

ఆ రోజుకు బొమ్మలావిడ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదిలోపు కోతి తోకకు రంగు వేసి, ఆఖరి పేజీ పబ్లిషరుకు పంపేసి, మధ్యాహ్నం హాయిగా కునుకు తీయడం. పిల్లల కోసం గీస్తున్న ఆ కోతి పుస్తకం మూడేళ్లుగా ఆవిడ ప్రాణం తోడేస్తోంది. తోక సగంలో ఉండగా దుకాణం నుంచి ఆడపడుచు సంచీతో ఊడిపడింది.

"వదినా, నీ కోతికి ఉద్యోగం వచ్చింది! మరుగుదొడ్లు కడుగుతోంది చూడు!"

టాయిలెట్ క్లీనర్ సీసా మీద అదే కోతి, అదే వంకర చెవి. ఆవిడ సరదాకి నెట్లో పెట్టిన బొమ్మను కంపెనీవాళ్లు చెప్పాపెట్టకుండా ఎత్తుకుపోయారు. పబ్లిషరు ఫోనులో తేల్చేశాడు: "అది సీసా దిగేదాకా పుస్తకం అచ్చు వేయనండీ. బాత్రూం కోతిని పిల్లలకి ఎవరు కొనిపెడతారు?"

బొమ్మలావిడకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తోక పూర్తి చేసింది.

చెప్పుల షాపు మీది రెండు గదుల్లో కళాకారులకు ఉచితంగా న్యాయసాయం చేసే ఆఫీసు ఉంది. అక్కడి లాయరుగారిది నున్నటి గుండు, గుబురు మీసం. ఆయన ఒక తెల్లకాగితం అందించి, "దీని మీద మీ కోతిని గీసివ్వండమ్మా, నోటీసుకి జతచేద్దాం," అని, కాపీరైటు చట్టం పుట్టుపూర్వోత్తరాలు అందుకున్నారు. రెండు నిమిషాల్లో కోతి అయిపోయింది. చట్టం ఇంకా పుట్టనే లేదు. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే చెయ్యి ఊరుకోని అలవాటు ఆవిడది. కాగితం తిప్పి, వెనకవైపు లాయరుగారిని కూడా గీసేసింది.

గుమాస్తా ఆ కాగితాన్ని ఫోటోకాపీ మిషన్లో తిరగేసి పెట్టాడు. వచ్చిన కాపీ చూడకుండా నోటీసుకు కుట్టేశాడు. నోటీసులో ఇలా ఉంది: "సీసాపై బొమ్మను తక్షణం మార్చవలెను. మా క్లయింటు గీసిన చిత్రం జతచేయడమైనది."

కంపెనీవాళ్లు చట్టమంటే భయభక్తులున్న మనుషులు. తక్షణం మార్చారు. జతచేసిన చిత్రమే వేశారు.

రెండు వారాల తర్వాత లాయరుగారి అత్తగారు ఆరు సీసాలు తెచ్చి భోజనాల బల్ల మీద వరసగా నిలబెట్టారు. "ఇన్నాళ్లకి మీకూ ఓ పేరొచ్చింది అల్లుడుగారూ," అన్నారు మనస్ఫూర్తిగా.

లాయరుగారు అగ్గిమీద గుగ్గిలమై రెండో నోటీసు పంపారు: "ఆ ముఖం నాది. దీన్ని చిన్న విషయంగా తీసుకోవద్దు." జవాబు మర్యాదగా వచ్చింది: "తమ ముఖమని తెలియక చిన్నదిగా వేశాం. క్షమించండి. ఇకపై పెద్దదిగా వేస్తాం." వారం తిరక్కుండా లాయరుగారు లారీల వెనక కూడా ఎక్కారు.

ఇంకెవరి కేసో వాదించడానికి లేస్తే, కోర్టులో జడ్జిగారు కళ్లజోడు సవరించుకుని, "మిమ్మల్ని రోజూ చూస్తున్నట్టుందే. ఎక్కడబ్బా?" అన్నారు. లాయరుగారు ఫైలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. "ఆఁ, మా బాత్రూంలో!" అన్నారు జడ్జిగారు. ఆ పూటకు కేసు వాయిదా పడింది.

లాయరుగారు నేరుగా బొమ్మలావిడ ఇంటికి పరిగెత్తారు.

"బొమ్మ గీసింది మీరు. మీరు వాడొద్దంటే వాళ్లు ఆపాల్సిందేనమ్మా."

"అలాగేనండీ. ఆపితే సీసా మీద ఏం వేస్తారు?"

లాయరుగారు అబద్ధం ఆడలేని మనిషి. ఆ వృత్తిలో ఇదొక లోపం. "గోడౌన్లో లక్ష కోతి లేబుళ్లు మిగిలున్నాయట. రెండూ ఆపించాలంటే కోర్టులో పదేళ్లు పడుతుంది," అన్నారు.

ఆవిడకు నిజంగానే జాలేసింది. కానీ మూడేళ్ల కష్టం అట్టల మధ్య ఎదురుచూస్తోంది.

"మరి నా లాయరుగా మీరేం సలహా ఇస్తారు?"

ఆయన ఓసారి మీసం నిమురుకున్నారు. తర్వాత కాగితం తీసుకుని, ఉచితంగా, స్వహస్తాలతో ఒప్పందం రాశారు: గుండు బొమ్మను కంపెనీ కలకాలం వాడుకోవచ్చు, కోతి జోలికి మాత్రం రాకూడదు. కంపెనీ సంతోషంగా సంతకం చేసింది. నెల తిరిగేసరికి పుస్తకం పిల్లల చేతుల్లో పడింది.

మరునాడు లాయరుగారు తన ఆఫీసుకే వెళ్లి, బల్లకు ఇవతలి కుర్చీలో కూర్చుని న్యాయసాయం అడిగారు. "ఇది కళాకారులకేనండీ," అని నసుగుతూ గుమాస్తా ఫారం ఇచ్చాడు. "మీ కళ ఏది?" అన్న గడి దగ్గర లాయరుగారు "మోడలింగ్" అని రాశారు.