కంటిన్యుటీలో ఉన్న డెక్

ఇంట్లో చెక్క డెక్‌కి పాలిష్ చేయించుకుంటున్న మహాజనులారా! నా మాట విని పని సగంలో ఆపేయండి. సగం పాలిష్‌లో ఉన్న సుఖం పూర్తి పాలిష్‌లో లేదు!

నమ్మకపోతే ఫిల్మ్ నగర్‌లో చలపతిరావుగారి మేడ ఎక్కి చూడండి. పై గది బయట, ఆరుబయట కూర్చోవడానికి టేకు పలకలు పరిచిన డెక్. ఎండకీ వానకీ రంగు వెలిసి, పేళ్లు లేచి, కాలు పెడితే గుచ్చుకునేది. ఆయన భార్య లీలాకుమారిగారిది ఒక్కటే కోరిక. సాయంత్రం పూట చెప్పుల్లేకుండా అక్కడ కూర్చుని కాఫీ తాగాలి. ఎంత అత్యాశో చూడండి!

సరే, పాలిష్ మేస్త్రీ బాలనర్సయ్య వచ్చాడు. సగం పలకలకి సాండ్‌పేపర్ పట్టి, తేనెరంగు స్టెయిన్ పూశాడు. అంతలో సినిమావాళ్లు లొకేషన్ వెతుక్కుంటూ దిగారు. పాలిష్ పడని సగాన్ని చూసి డైరెక్టర్‌గారి కళ్లు చెమర్చాయి. మర్నాడే హీరోగారు దాని మీద బోర్లా పడి ఏడ్చేశారు. సీను సగం అయింది. మిగతా సగానికి ఆయన డేట్లు లేవు.

"అప్పటిదాకా పలకలు ముట్టుకోకండి సార్. డెక్ అచ్చం ఇలాగే కనిపించాలి. కంటిన్యుటీ!" అన్నాడు సినిమావాళ్ల మేనేజర్ జగదీశ్.

"సగం గీకి ఇడిసిపెడితే ఎట్ల సార్? జర ఆలోచించుండ్రి" అన్నాడు బాలనర్సయ్య.

చలపతిరావుగారు అతన్ని పంపించేశారు. మన డెక్ తెర మీద కనబడటమంటే మాటలా!

ఇక లాభాలు వినండి. చుట్టాలు డెక్ మీద మకాం వేయరు. ఊడ్చే పని లేదు, దుమ్ముకి కూడా కంటిన్యుటీ ఉంది! కాకి రెట్ట వేస్తే ఫొటో తీసి జగదీశ్‌కి పంపి, కడగాలో ఉంచాలో కనుక్కుంటారు. ఇంత క్రమశిక్షణ ఏ ఇంట్లో ఉంది? లీలాకుమారిగారు మాత్రం కిటికీ దగ్గర నిలబడి కాఫీ తాగుతుంటారు. ఎండాకాలం పోయింది, వానలూ పోయాయి.

చివరికి కబురొచ్చింది. హీరోగారు అన్ని మెట్లు ఎక్కలేరట. అందుకని అచ్చం ఆ డెక్‌లాగే స్టూడియోలో సెట్ వేశారు. చూసిపొమ్మని దంపతుల్ని పిలిచారు.

ప్లైవుడ్ పలకలు. అదే వెలిసిన రంగు, అదే కాకి రెట్ట. పేళ్లన్నీ ఉత్త పెయింట్. హీరోగారికి గుచ్చుకోకూడదుగా! లీలాకుమారిగారు చెప్పులు విడిచి, భయంభయంగా కాలు పెట్టారు. నున్నగా ఉంది. కూర్చున్నారు. ప్రొడక్షన్‌వాళ్లు కాఫీ ఇచ్చారు.

చలపతిరావుగారికి మనసు చివుక్కుమంది. "రేపే బాలనర్సయ్యని పిలిపిస్తాను లీలా" అన్నారు.

"ఎందుకండీ?" అన్నారావిడ, కాఫీ చప్పరిస్తూ. "మన టేకు వీళ్లకిచ్చేసి, ఈ ప్లైవుడ్ అడగండి. దీని మీదైతే మనల్ని కూర్చోనిస్తున్నారు."