తిప్పి పంపిన పిల్లాడు

ఆదివారం పొద్దున్న కాఫీ తాగుతూ దొరబాబు ఒక నిర్ణయానికి వచ్చాడు. కాబోయే వియ్యాలవారిని సినిమాకి తీసుకెళ్లాలి.

దొరబాబు ముమ్మిడివరం దగ్గర రొయ్యల చెరువులు చేస్తాడు. ఒక్కడే కొడుకు, శివ. బుద్ధిమంతుడు, చదువుకున్నవాడు. ఉద్యోగాలకి పోకుండా తండ్రితో చెరువుల మీదే ఉండిపోయాడు, అదే పెద్ద నేరమైపోయింది. పిల్లనిస్తామని వచ్చినవాళ్లు అబ్బాయి ఏం చేస్తాడని అడగడం, రొయ్యలనగానే కాఫీ సగంలో వదిలేసి లేవడం. చివరికి రాయవరం నుంచి సింహాద్రిగారి సంబంధం వచ్చింది. ఆయనది వరి వ్యవసాయం. కూతురు సత్యప్రియ అమలాపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెబుతుంది. ఆ పిల్ల చెరువు గట్టు మీద కాస్త దూరం నడిచి, "బాగుందండీ, గాలి బాగా వేస్తోంది" అంది. ఆ మాటకి దొరబాబు పక్కకి తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. గురువారం తాంబూలాలు. ఇదీ తప్పిపోతే శివ ముసలాడయ్యేదాకా ఒంటరిగా రొయ్యలకి మేత వేసుకుంటూ ఉండిపోతాడని ఆయన బెంగ.

"ఈలోగా రెండు కుటుంబాలూ ఒకసారి సరదాగా కలిసి తిరగండి. మనసులు కలుస్తాయి" అని సంబంధం కుదిర్చిన నూకరాజు సలహా ఇచ్చాడు. కలవడం మాట ఎలా ఉన్నా, విడిపోకుండా చూసుకోవాలని దొరబాబు ఎంతో ఆలోచించాడు. హీరో సినిమాకి వెళితే ప్రమాదం. సింహాద్రి తమ్ముడు ఒక హీరో అభిమాన సంఘానికి అధ్యక్షుడు. తన బావమరిది ఇంకో హీరో సంఘానికి కార్యదర్శి. భక్తి సినిమా అంటే శివుడు గొప్పా విష్ణువు గొప్పా అనేదాకా పోవచ్చు. అన్నీ తీసేయగా ఒక డబ్బింగు సినిమా మిగిలింది. అందులో హీరో లేడు, దేవుడు లేడు. మరమనిషి పిల్లాడొకడున్నాడట. పిల్లాడి బొమ్మ సినిమాకి ఎవరు కొట్టుకుంటారు?

అమలాపురంలో మ్యాట్నీ. ఒకే వరసలో మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క కూర్చున్నారు. వారం రోజులుగా కరెంటు కోతలతో దొరబాబుకి నిద్ర లేదు. కరెంటు పోయినప్పుడల్లా లేచి జనరేటరు వేయకపోతే చెరువులో రొయ్యలకి గాలి ఆడదు. థియేటర్లో ఏసీ చల్లగా ఉంది, సీటు మెత్తగా ఉంది. తెర మీద పేర్లు పడుతుండగానే ఆయన నిద్రపోయాడు. ఇంటర్వెల్లో ఎవరో పాప్‌కార్న్ పొట్లం చేతిలో పెట్టారు. దాన్ని గుండెకి హత్తుకుని మళ్లీ పడుకున్నాడు. లైట్లు వెలిగాకే కళ్లు తెరిచాడు.

బయటికొచ్చే జనం అప్పటికే రెండు ముక్కలై ఉన్నారు. ఒకావిడ పైట చెంగుతో ముక్కు తుడుచుకుంటోంది. "మిషను కోసం ఏడుపేంటే? మన గ్రైండర్ పాడైనప్పుడు ఏడిచేవా?" అని మొగుడు కసురుతున్నాడు. ఒక కుర్రాడు ఒక్క ఫైటు కూడా లేదని టికెట్టు చింపి పోగులు పెడుతున్నాడు. ఇదంతా చూసి దొరబాబు జాగ్రత్తపడి ఉండాల్సింది. కానీ ఆయన ఇంకా సగం నిద్రలోనే ఉన్నాడు.

స్కూటర్ల దగ్గర సింహాద్రి వచ్చి దొరబాబు భుజం మీద చెయ్యి వేశాడు. "చూసేరా బావగారూ! కడుపున ఒకడు పుట్టేక ఇంకా ఆ మరబొమ్మెందుకండీ? ఆ తల్లి కంపెనీకి తిప్పి ఇచ్చేసింది, అదే న్యాయం. దుక్కి దున్నని ట్రాక్టరుని షెడ్డుకి పంపమా? ఏమంటారు?"

"ఆయ్. న్యాయమేనండి" అన్నాడు దొరబాబు.

నాలుగడుగులు వేసేసరికి సింహాద్రి భార్య సూర్యావతి ఎదురైంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఎంత ఘోరమండీ అన్నయ్యగారూ! అమ్మా అమ్మా అంటున్న పసివాణ్ణి ఆ బల్ల మీద కూచోబెట్టి వచ్చేసింది. వాడలా గుమ్మం వైపు చూస్తూనే ఉన్నాడు!"

దొరబాబు ఉలిక్కిపడి థియేటరు వైపు చూశాడు. ఎవరి పిల్లాడో లోపల ఉండిపోయాడేమోనని లోపలికి పరిగెత్తబోయాడు. వెనకాల తన భార్య ఉమాదేవి కూడా ఏడుస్తూ రావడంతో ఇది సినిమా సంగతేనని అర్థమైంది. "ఆయ్. మహా అన్యాయమండి" అన్నాడు.

తప్పు ఆయనది కాదు, ఆ గోదావరి నీళ్లది. ఆ వైపు మనుషులు ఎదుటివాడి మాట కాదనలేరు. ముందు ఆయ్ అనాలి, తరవాత తీరిగ్గా ఆలోచించుకోవాలి. ఆ రెండో పని చేసే అవసరం సాధారణంగా రాదు. పైగా వీళ్లు పిల్లనిచ్చేవాళ్లు. ఇదివరకు మాట కలపబోతేనే లేచి వెళ్లిపోయినవాళ్లని ఎందరినో చూసి ఉన్నాడేమో, కాదనే ధైర్యం ఆయనలో ఏనాడో చచ్చిపోయింది.

రాయవరం వెళ్లే కారులో సింహాద్రికీ సూర్యావతికీ మధ్య గొడవ మొదలైంది. ఇద్దరికీ ఒకే సాక్షి, దొరబాబు. సోమవారం పొద్దున్నే సింహాద్రి ఫోన్ చేశాడు.

"బావగారూ, మీరు నా పక్షమే కదండీ?"

"ఆయ్, మీ పక్షమేనండి. చెల్లెమ్మగారు కాస్త మెత్తని మనిషి. ఆడవాళ్లకి సినిమా చూసి ఏడవడం మామూలేనండి" అన్నాడు దొరబాబు, వియ్యంకుడిని సంతోషపెట్టాలని.

"అన్నయ్యగారూ, స్పీకరులో పెట్టేరండి. నేను వింటూనే ఉన్నాను" అంది సూర్యావతి గొంతు.

"అంటే... మీరన్నదీ నిజమేనండి. ఆవిడ అలా వదిలేసి రాకూడదండి."

"అయితే నేనన్నది తప్పా?" అన్నాడు సింహాద్రి.

"తప్పని ఎవరన్నారండీ?"

అవతల ఫోను పెట్టేశారు.  కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. దొరబాబు వాళ్లింటికి తాజా రొయ్యలు బుట్టెడు పంపించాడు. బుట్ట తిరిగి వచ్చింది. అందులో రొయ్యలు అలాగే ఉన్నాయి.

మధ్యాహ్నానికి నూకరాజు చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. "ఏం మాట్లాడేరండీ బాబూ! ఆవిడ తాంబూలాలు ఆపమంటోంది. ఆ బొమ్మని పంపేయడం న్యాయమన్న ఇంట్లో పిల్లనెలా ఇస్తామంటోంది. ఆయనేమో బొమ్మ కోసం ఏడిచే ఇంట్లో పిల్లనెలా ఇస్తామంటున్నాడు. ఆ న్యాయమన్నదీ మీరే, అన్యాయమన్నదీ మీరే. బుధవారం ఇద్దరూ వస్తున్నారు. సినిమాలో ఎవరిది తప్పో మీ నోటితో తేల్చి చెప్పాలట."

 చూడని సినిమాలో తప్పెవరిదని చెప్పడం? నిద్రపోయానని చెబితే అంతకన్నా అవమానం. వియ్యాలవారిని పక్కన కూర్చోబెట్టుకుని గుర్రు పెట్టిన మనిషికి పిల్లనెవరిస్తారు? ముందు కథ తెలుసుకోవాలనుకున్నాడు దొరబాబు.

కొడుకుని అడిగాడు. శివ తలవంచుకుని, "నేను సరిగ్గా చూడలేదు నాన్నా" అన్నాడు. సత్యప్రియ రెండు సీట్ల అవతల కూర్చుందని అప్పుడు గుర్తొచ్చింది. భార్యని అడిగాడు. ఉమాదేవి మొదలుపెట్టి, పిల్లాడు అమ్మ జడలో పూలు పెట్టే చోటికి రాగానే ఏడుపు ఆపుకోలేక లోపలికి వెళ్లిపోయింది. నూకరాజుని అడిగితే చివర్లో కంపెనీ పేలిపోతుందన్నాడు. ఆయన ఇంటర్వెల్‌కే బయటికొచ్చి బజ్జీలు తిన్నాడని తరవాత తెలిసింది. చెరువు దగ్గర కాపలా ఉండే మంగరాజు కూడా ఆ సినిమా చూశాడట. "చివర్లో అమ్మ తిరిగి వస్తుందండి. వచ్చేసరికి పిల్లాడి కళ్లల్లో లైటు వెలిగిందో ఆరిందో తెలీదండి. మా ఇంట్లో ఆ లైటు మీదే గొడవపడి రెండ్రోజుల్నుంచి వంట లేదండి" అన్నాడు.

లాభం లేదని మంగళవారం మళ్లీ అమలాపురం వెళ్లాడు, స్వయంగా చూద్దామని. థియేటరు ముందు డప్పులు మోగుతున్నాయి. కొత్త హీరో సినిమా కటౌటుకి పాలు పోస్తున్నారు. పిల్లాడి సినిమా ఎత్తేశారు. గేటు దగ్గర మనిషి, "అది చూసినోళ్లంతా కొట్టుకుంటున్నారండి, కుర్చీలు విరుగుతున్నాయి" అన్నాడు. దొరబాబు రోడ్డు పక్కన బల్ల మీద కూలబడ్డాడు. అప్పుడే సత్యప్రియ ఫోన్ చేసింది.

"మామయ్యగారూ, మా ఇంట్లో ఇద్దరూ అన్నం తినడం లేదండి. మీరు ఏది చెప్పినా ఫర్వాలేదు. ఏదో ఒకటే చెప్పండి" అంది. 

మామయ్యగారూ అని ఆ పిల్ల పిలవడం అదే మొదటిసారి. అదే చివరిసారి కూడా అవుతుందేమోనని దొరబాబుకి ఏడుపొచ్చింది.

బుధవారం వాళ్లొచ్చారు. సింహాద్రి ఒక కుర్చీలో, సూర్యావతి దూరంగా ఇంకో కుర్చీలో కూర్చున్నారు. నూకరాజు మధ్యలో నిలబడ్డాడు. శివ గుమ్మం దగ్గర గోడకి ఆనుకుని ఉన్నాడు. ముందు సూర్యావతే మాట్లాడింది.

"అన్నయ్యగారూ, నాకు సినిమాతో పని లేదండి. వాళ్లింటికి ఆ పిల్లాడు వచ్చినప్పుడు ముద్దు. ఇంకొకడు పుట్టేసరికి బరువు. మా పిల్లా అలాగే ఒకింటికి వెళ్తుంది. రేపు దానికి జబ్బు చేసినా, పిల్లలు పుట్టకపోయినా, మీకు నచ్చని మాటొకటి అన్నా, మీరూ తిప్పి పంపేస్తారా? అది గుమ్మం వైపు చూస్తూ కూచోవాలా?" అని కళ్లొత్తుకుంది.

"నా మాట వేరండి" అన్నాడు సింహాద్రి. "ఇనుము కోసం ఏడిచేవాళ్లు సంసారం ఏం చేస్తారండీ? రేపు రొయ్యలు పట్టే రోజున వాటి మీద జాలిపడి వల వదిలేస్తారు. మీరు తేల్చి చెప్పండి. ఆ అమ్మ చేసింది రైటా, తప్పా?"

దొరబాబు నోరు తెరిచాడు. ఎన్ని అబద్ధాలు పోగుచేసుకున్నాడో అన్నీ ఒక్కసారే మర్చిపోయాడు. కొడుకు ముఖం చూశాడు. ఇక దాచలేకపోయాడు.

"నాకు తెలీదండి. నేను నిద్రపోయేను. పేర్లు పడుతుండగానే నిద్రపోయేనండి."



"అంటే నా మాట అర్థం కాకుండానే ఆయ్ అన్నారా?" అన్నాడు సింహాద్రి లేస్తూ.

"నేనక్కడ అంత ఏడుస్తుంటే నిద్రకళ్లతో అన్యాయమన్నారా?" అంది సూర్యావతి, ఆవిడా లేచి.

"మనల్ని పక్కన పెట్టుకుని పడుకున్నాడు సూర్యావతీ!"

"అదేనండి నేనూ అంటున్నది! పదండి పోదాం."

ఆదివారం నుంచి ఆ దంపతులు ఒక్క మాట మీదకి రావడం అదే మొదలు. నూకరాజు తల పట్టుకున్నాడు. దొరబాబు నేల చూస్తూ కూర్చున్నాడు. నిజం చెబితే మంచి జరుగుతుందని చిన్నప్పుడు ఎవరు చెప్పారో వాళ్లని తిట్టుకున్నాడు. కొడుకు బతుకు తన చేతులతోనే పాడుచేశానని లోలోపల కుమిలిపోయాడు.

అప్పుడు వంటింట్లోంచి ఉమాదేవి కాఫీ ట్రేతో వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"కూచోండి వదినగారూ. కాఫీ తాగి వెళ్లండి. ఆయన నిద్రపోయేరని నాకు తెలుసు. ఆయన మా పెళ్లి పీటల మీదే నిద్రపోయేరండి. తాళి కట్టమంటే మా బావగారు జబ్బ మీద కొట్టి లేపేరు. శివ పుట్టినప్పుడు ఆస్పత్రిలో బిడ్డని చేతికిస్తే, ఎత్తుకుని కూచునే నిద్రపోయేరు. అటువాళ్లేమన్నా ఆయ్, ఇటువాళ్లేమన్నా ఆయ్. ఒక్కనాడు పనికొచ్చే మాట ఆ నోట్లోంచి రాలేదు. ఇన్నేళ్లయింది, నేనెక్కడికైనా తిప్పి పంపేనా? పంపుదామన్నా తీసుకునే కంపెనీ ఏదండీ? ఈ మనిషినే ఉంచుకున్నదాన్ని, బంగారంలాంటి మీ పిల్లని పంపుతానా? దానికి జ్వరమొస్తే మంచం పక్కన కూచునేది నేనండి. ఆయన కాదు."

సూర్యావతి కాసేపు ఉమాదేవి ముఖంలోకి చూసింది. తరవాత దొరబాబు వైపు చూసింది. నవ్వు ఆపుకోబోయి ఆపుకోలేక, అలా నవ్వుతూనే మళ్లీ కళ్లనీళ్లు పెట్టుకుంది. వచ్చి కుర్చీలో కూర్చుని కాఫీ తీసుకుంది. ఆవిడ కూర్చుందని సింహాద్రి కూడా కూర్చున్నాడు.

"మా ఇంట్లోనూ ఒకరున్నారు లెండి వదినగారూ. ఇంతకీ రేపు తాంబూలాలు ఎన్నింటికనుకున్నాం?" అంది సూర్యావతి.

"పదకొండుకండి. మీరు కొంచెం ముందే వచ్చేయండి."

దొరబాబుని ఎవరూ ఏమీ అడగలేదు. శివ మాత్రం గుమ్మం దగ్గర నుంచి వచ్చి, తండ్రి చేతికి ఒక కాఫీ గ్లాసు అందించి వెళ్లాడు. ఆ గ్లాసు పట్టుకుని ఆయన చాలాసేపు అలాగే కూర్చుండిపోయాడు. కొడుకు పెళ్లి నిలిచినందుకు సంతోషించాలో, అది తను పనికిరాని సరుకని అందరూ ఒప్పుకున్నాక నిలిచినందుకు బాధపడాలో తేలక, కాఫీ చల్లారిపోయింది.

ఎలాంటి సరుకునైనా తిప్పి పంపని ఇల్లని రాయవరం దాకా ఆ ఇంటికి మంచి పేరొచ్చింది. ఆ సరుకేదని మాత్రం ఎవరికీ అడగాల్సిన అవసరం రాలేదు.